ఇలియా పండుగ నాడు రాసుకున్న నూనె

"తలుపు తియ్యదు. నువ్విక్కడ పొద్దుగూకేదాకా నిలబడినా తియ్యదు. వెళ్ళి నీ గిన్నెలు తోముకో," అంది కేరా.

కూతురి గది ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది ఆవిడ. బుర్గాస్ ఆస్పత్రి నుంచి రాలిత్సాను ఇంటికి తెచ్చినప్పటి నుంచీ ఆ కుర్చీ అక్కడ్నించి కదల్లేదు. తిండి కూడా పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని అక్కడే కానిస్తోంది.

నెవెనా చేతిలో గిన్నె ఉంది. చల్లటి పెరుగులో దోసకాయ సన్నగా తరిగి, వెల్లుల్లి నూరి కలిపి తెచ్చింది. ఎండాకాలంలో ఆడపడుచుకి అది తప్ప ఇంకోటి గొంతు దిగదని ఆమెకు తెలుసు.

"లోపల పెట్టేసి వచ్చేస్తానత్తయ్యా. మాట్లాడను."

"పెరుగా? మొదటి రోజు నేను రాసిన పెరుగు చాల్లే. ఎండకి కందిందనుకుని వీపంతా పట్టించాను. ఆస్పత్రిలో దాన్ని గీకుతుంటే అది పెట్టిన కేకలు నీకేం తెలుసు. నువ్వు కారిడార్లో ఉన్నావు, నేను పక్కనున్నాను."

"నన్ను లోపలికి రానివ్వలేదు కదా."

"రానివ్వరు. నీ చేత్తో చేసింది ఏదీ నా కూతురి ఒంటికి తగలడానికి వీల్లేదు. నోటికీ తగలడానికి వీల్లేదు."

నెవెనా ఆవిడ తల మీదుగా తలుపు వైపు చూసింది.

"రాలీ, నేనే," అంది మెల్లిగా.

లోపల మంచం కిర్రుమంది. ఆ తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఆ తలుపు అలా మూసి ఉండడం నెవెనాకి ఇంకా అలవాటు కాలేదు. ఆమె ఈ ఇంటికి కోడలుగా వచ్చి ఆరేళ్ళు. వచ్చిన ఏడాదే కింద ఉన్న రాతి గదిని, మామగారు బతికున్న రోజుల్లో వలలు దాచుకునేదాన్ని, కడిగి సున్నం కొట్టించి పొయ్యి పెట్టుకుంది. పుట్టింటి లోయ నుంచి గులాబీ నీళ్ళు, తేనెమైనం తెప్పించుకుని ముఖానికి, చేతులకి, ఎండి పగిలిన మడమలకి క్రీములు చెయ్యడం మొదలుపెట్టింది. ఆమె చేసిన ప్రతిదీ ముందు వెళ్ళింది రాలిత్సా ఒంటి మీదికే.

పద్ధతి ఇద్దరూ కలిసి పెట్టుకున్నదే. కొత్తది తయారైతే సాయంత్రం పనులయ్యాక రాలిత్సా కింది గదిలోకి దిగి, ముక్కాలి పీట మీద కూర్చుని, మణికట్టు లోపలి వైపు చూపించేది. నెవెనా వేలితో కాస్త రాసేది. తెల్లారి లేచాక చూసేవాళ్ళు. ఎర్రబడకపోతే, దురద పుట్టకపోతే మెడకి. మెడ కూడా ఊరుకుంటే అప్పుడు సీసాల్లోకి, సీసాల నుంచి పాత ఊరి వీధిలో రాలిత్సా వేసే బల్ల మీదికి. ఒకసారి గాడిదపాల సబ్బు చేస్తే ఆ పిల్ల రెండు రోజులు గోక్కుంటూ తిరిగింది, అయినా నవ్వుతూనే తిరిగింది. వదిన వండితే ఆడపడుచు రుచి చూస్తుందని సొజోపోల్ ఊళ్ళో వేళాకోళం చేసేవాళ్ళు. వేళాకోళం చేస్తూనే కొనుక్కునేవాళ్ళు.

రాలిత్సా ఒళ్ళు కాల్చిన ఈ అంజూరపాకు నూనె కూడా ఆ పద్ధతిలోనే దాటింది. రాత్రి మణికట్టుకి రాశారు. తెల్లారేసరికి మణికట్టు ఎలా ఉండేదో అలాగే ఉంది. మర్నాడు మెడకి రాశారు, ఆ రోజంతా ముసురు పట్టి సూర్యుడే కనిపించలేదు. ఎండకి నల్లబడడం కోసం చేసిన నూనెని ఎండే లేకుండా పరీక్షించామని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

"మీరే కదత్తయ్యా చెప్పారు," అంది నెవెనా. గిన్నె కిటికీ గట్టు మీద పెట్టింది. అనకూడదనుకుంటూనే అంది.

"ఏం చెప్పాను?"

"బఠాణీలు వొలుస్తూ అన్నారు. మా కాలంలో అంజూరపాకులు ఉడకబెట్టి ఒంటికి రాసుకుని ఒక్క పూటలో రాగి బిందెల్లా అయ్యేవాళ్ళం, ఇప్పటివాళ్ళు వారం రోజులు ఇసకలో పొర్లినా పిండిముద్దల్లాగే ఉంటారు అని."

"అన్నాననుకో. గాడిద మీద బుర్గాస్ వెళ్ళేవాళ్ళమని కూడా అన్నాను. గాడిదని కొన్నావా?"

నెవెనా గట్టు మీది గిన్నెని గోడ వైపుకి జరిపింది.

"ముసలిదాన్ని, నోరూరుకోక ఏదో అంటుంటాను. నువ్వు చదువుకున్నదానివి. తూకాలు తూస్తావు, చేతికి తొడుగులు వేసుకుంటావు. కొండల్లో పుట్టి గులాబీలు తప్ప ఇంకో చెట్టు ఎరగనిదానివి, అంజూరం చెట్టుతో నీకెందుకు?"

"ఎరగను కనకే మిమ్మల్నడిగాను. ఏమైనా చేస్తుందా అని అడిగాను."

"నేనేమన్నాను?"

"నన్ను చూడు, నాకేమైంది అన్నారు."

కేరా మొహం పక్కకి తిప్పుకుంది. ఒళ్ళో ఉన్న తువ్వాలు మడత విప్పి మళ్ళీ మడత పెట్టింది. తలుపవతల ఉన్న మనిషి ఇదంతా వింటోందన్న సంగతి ఇద్దరికీ ఒక్కసారే గుర్తొచ్చినట్టుంది.

కింద గేటు చప్పుడైంది. కాలిన్ వచ్చాడు. నెవెనా మొగుడు, కేరాకి ఒక్కగానొక్క కొడుకు. పడవలో యాత్రికుల్ని దీవి చుట్టూ తిప్పే పని అతనిది. ఈ వేళప్పుడు ఇంటికొచ్చే అలవాటు లేదు. తల్లి వైపు, ఆ తలుపు వైపు చూసి వంటింట్లోకి నడిచాడు. నెవెనా వెనకే వెళ్ళింది.

"డాక్టరు మినేవా వస్తోంది. కట్లు మార్చడానికి," అన్నాడు రొట్టె తీసి బల్ల మీద పెడుతూ.

"మంచిది."

"కట్లు మార్చడానికే కాదు." కత్తి కోసం వెతికాడు. దొరికాక కూడా రొట్టె కొయ్యకుండా నిలబడ్డాడు. "రాలిత్సా ఆస్పత్రిలో ఏం చెప్పిందో నీకు చెప్పలేదు కదూ?"

"ఎవరికి చెప్పింది?"

"నర్సుకి. మొదటి రోజే. ఈ నూనె ఎక్కడిదమ్మా అని అడిగితే, నేనే కాచుకున్నాను అంది."

నెవెనా కుర్చీ లాక్కుని కూర్చుంది. నిజం చెప్పాలంటే ముందు ఆమె మనసుకి ఊరటే కలిగింది. ఇన్నాళ్ళూ గుండెల మీద కూర్చున్నదేదో లేచి పక్కకి జరిగినట్టయింది. ఆ వెంటనే, అలా ఊరట కలిగినందుకు చచ్చేంత సిగ్గేసింది.

"ఎవరు చెప్పమన్నారు?"

"ఎవరూ చెప్పమన్లేదు. జ్వరంలో ఉంది."

"నువ్వు పక్కనే ఉన్నావా?"

"ఉన్నాను."

"కాదని చెప్పలేదా?"

కాలిన్ రొట్టె కొయ్యడం మొదలుపెట్టాడు. కావలసినదానికంటే ఎక్కువ ముక్కలే కోశాడు.

"చెప్పలేదు," అన్నాడు చివరికి. "మినేవా నిన్నడుగుతుంది. అవునను చాలు. ఒక్క మాట. అయిపోతుంది."

"అబద్ధం కదా."

"అబద్ధమే. అయితే ఏమంటావు? నిజం చెప్పావనుకో, కింది గదికి తాళం వేస్తారు. ఇంక నీ చేత్తో చేసినదాన్ని ఎవడు ముట్టుకుంటాడు? రాలిత్సా ఒంటి మీద బొబ్బలు నీ నిజంతో మానతాయా?"

"పిల్లని పిచ్చిదాన్ని చేస్తున్నాం, కాలిన్. అందం కోసం ఆకులు నూరుకుని ఒళ్ళు కాల్చుకున్న పిల్ల అంటారు. ఈ ఊరు సంగతి నీకు తెలీదా?"

"వారం రోజులు అంటారు. తర్వాత ఇంకెవరో దొరుకుతారు."

"దానికి ఇరవయ్యారేళ్ళు. బతికినన్నాళ్ళూ అంటారు."

"అంటే తనే కదా చెప్పింది. నువ్వు చెప్పించావా, నేను చెప్పించానా?" కాలిన్ గొంతు తగ్గించాడు. "తను ఇష్టపడి ఇచ్చినదాన్ని తీసుకో. చేసింది ఒకే ఒక్క సీసా. పరీక్షకని చేశావు. మిగిలింది నువ్వే పారబోశావు. ఇంకెవరి ఒంటికీ ప్రమాదం లేదు. ఎవరి కోసం చెప్తావు నిజం?"

"దాని కోసం," అంది నెవెనా. "నేను నిజమే చెప్తాను."

కోసిన ముక్కల్ని పళ్ళెంలో ఒకదాని మీద ఒకటి పేర్చాడు. అతనికి కోపమొస్తే చేతులు ఇలా శుభ్రంగా పనిచేస్తాయి.

డాక్టరు మినేవా మెట్లెక్కి వచ్చేసరికి ఆయాసపడుతోంది. భారీ మనిషి. ఊళ్ళో సగం మంది పిల్లలు ఆవిడ చేతుల్లో పుట్టినవాళ్ళే కనక ఎవరింట్లోనైనా నేరుగా లోపలికి వెళ్ళిపోయే చనువుంది. కేరా కుర్చీ జరిపి ఆవిడతో పాటు లోపలికి వెళ్ళింది. తలుపు మళ్ళీ మూసుకుంది.

నెవెనా నడవాలో గోడకి ఆనుకుని నిలబడింది. లోపల కత్తెర చప్పుడు. "కొంచెం ఓర్చుకో తల్లీ, ఇది అంటుకుపోయింది," అన్న డాక్టరు గొంతు. తర్వాత రాలిత్సా గొంతులోంచి వచ్చినదాన్ని ఏడుపు అనడానికి లేదు, అరుపు అనడానికీ లేదు. దిండులో మొహం పెట్టుకుని అరుస్తోందని నెవెనాకి అర్థమైంది. ఆ చర్మం తనదైతే ఎంత బాగుండును అనుకుంది. ఊరికే అనుకోలేదు, దేవుణ్ణి అడిగింది. దేవుడు అలాంటివి మార్చి ఇవ్వడు.

డాక్టరు బయటికొచ్చి వంటింట్లో చేతులు కడుక్కుంది. కాలిన్ కాఫీ పెట్టాడు. కేరా వచ్చి బల్ల చివర కూర్చుంది. నెవెనా నిలబడే ఉంది.

"బొబ్బలు ఎండుతున్నాయి. చీము పట్టలేదు. మంచి వార్త అదొక్కటే," అంది మినేవా.

"మొహం?" కేరా అడిగింది.

"చెంప మీద గోధుమరంగు మచ్చ ఉంటుంది. ఏడాదికి తగ్గొచ్చు, ఇంకా ఎక్కువ పట్టొచ్చు. ఎండలోకి అసలు పంపకండి. మెడ కింద, భుజం మీద లోతుగా ఉంది. అక్కడ మాత్రం నేను మాటివ్వలేను కేరా."

డాక్టరు కాఫీ ఒక గుక్క తాగింది.

"ప్రతి వేసవిలో ఇద్దరో ముగ్గురో వస్తారు ఇలా. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెడుతోంది. అంజూరపాకులో పాలుంటాయి చూశారూ, అవి ఒంటి మీద ఉండగా ఎండ తగిలితే చర్మం ఉడికిపోతుంది. ఆ రోజు ఏమీ తెలియదు. మర్నాటికి మొదలవుతుంది. అదే నీడలో ఉంటే ఎంతసేపు రాసుకున్నా ఏమీ కాదు."

"నీడలో ఏమీ కాదు," అంది నెవెనా, ఆవిడ మాటనే.

"ఏమీ కాదు."

నెవెనాకి కింది గదిలో దీపం వెలుగు, ఆ వెలుగులో చాచిన తెల్లటి చెయ్యి కళ్ళ ముందు కనిపించాయి. తెల్లారి ఇద్దరూ ఆ చేతిని చూసి, బాగుంది బాగుంది అనుకున్నారు.

"ఒకటి నాకు అంతు పట్టడం లేదు," అంది డాక్టరు. "బీచికి వెళ్ళిన పిల్ల రోజంతా నీళ్ళలో దిగకుండా ఎలా ఉంది? రాసుకున్న కాసేపటికే సముద్రంలో మునిగి ఉంటే చాలావరకు కొట్టుకుపోయేది. ఇంత దూరం వచ్చేది కాదేమో."

కాలిన్ తల్లి వైపు చూడలేదు. చూడకుండానే అన్నాడు:

"ఇలియా పండుగ కదా డాక్టరుగారూ ఆ రోజు."

మినేవా కప్పు బల్ల మీద పెట్టింది. ఆవిడది ఈ తీరమే. ఇలియా పండుగ నాడు సముద్రం ఒక మనిషిని అడుగుతుందని, ఆ రోజు నీళ్ళలో కాలు పెట్టకూడదని ఆవిడకి ఇంకొకరు చెప్పక్కర్లేదు.

కేరా మొగుణ్ణి సముద్రమే తీసుకుంది. ఇలియా పండుగ నాడు కాదు, ఏ పండుగా లేని ఒక మంగళవారం నాడు. అయినా ఆ తర్వాత ప్రతి ఏడూ ఆ పండుగకి ఆవిడ పిల్లల మీద కాపలా కాస్తూనే ఉంది. ఈసారి గొడుగు వేసుకుని, అల్లిక చేతపట్టుకుని కూతురితో పాటు బీచికి వెళ్ళింది. మండిపోతోందమ్మా, ఒక్క మునక మునిగి వస్తానని కూతురు రెండుసార్లు అడిగితే రెండుసార్లూ చెయ్యి పట్టుకుని ఆపింది. సాయంత్రం పిల్లని పొడి ఒంటితో ఇంటికి తెచ్చుకుని, ఈ ఏడు గండం గడిచిందని దేవుడి పటం ముందు దీపం పెట్టింది.

"మేము రాసుకుని నేరుగా దూకేవాళ్ళం," అంది కేరా. ఎవరితోనో చెప్తున్నట్టు లేదు. "రాసుకోవడం, దూకడం. గట్టు మీద ఎవరుండేవాళ్ళు? కొందరికి బొబ్బలు లేచేవి. రంగు పట్టిందనుకునేవాళ్ళం."

ఆవిడ లేచి నిలబడింది. ఎక్కడికి వెళ్దామని లేచిందో మర్చిపోయినట్టు మళ్ళీ కూర్చుంది. ఇందాక గాడిదని కొన్నావా అని ఎత్తిపొడిచిన మనిషి ఈవిడేనా అనిపించింది నెవెనాకి. గెలిచినట్టు అనిపించాలి కదా. జాలి తప్ప ఇంకేమీ కలగలేదు.

డాక్టరు గొంతు సవరించుకుంది.

"ఇంకొక్కటి అడగాలి. బుర్గాస్ వాళ్ళు నన్ను కనుక్కోమన్నారు. ఆ నూనె పిల్లే కాచుకుందట. నెవెనా, నేను మిమ్మల్నే అడుగుతున్నాను. మీరు ఆ పనిలో ఉన్నవారు కనక అడుగుతున్నాను. అది మీ కింది గదిలోదైతే నేను చెప్పి తీరాలి. మీకు తెలుసు."

నెవెనా నిజం చెప్పడానికే నోరు తెరిచింది. ఈ మాట రాసిపెట్టుకోవచ్చు, ఆమె అందుకే నోరు తెరిచింది. మాట నాలుక మీద ఉంది. కాలిన్ ఆమెని చూడడం లేదు, బల్ల మీద రొట్టె పొడి వేలితో ఒక దగ్గరికి చేరుస్తున్నాడు. కేరా శూన్యంలోకి చూస్తోంది. కింది గదిలో కొత్తగా పోసిన గులాబీ క్రీము ఇంకా గడ్డకట్టను కూడా లేదు.

"అవును," అంది నెవెనా. "తనే కాచుకుంది. నాకు తెలియదు."

రెండో మాట ఎవరూ అడగలేదు. అయినా అనేసింది.

మినేవా ఆమె మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత సంచీ సర్దుకుంది.

"సరే. అదే చెప్తాను. మందులషాపు పక్కింట్లో ఇంకొకరిని చూడాలి, తర్వాత బుర్గాస్ వెళ్తాను," అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

వంటింట్లో ముగ్గురూ ఎక్కడివాళ్ళక్కడే ఉన్నారు. కాలిన్ కప్పులు తీశాడు. అంతలో నడవా చివరి నుంచి పిలుపు వినిపించింది.

"వదినా."

ఎన్నాళ్ళయింది ఆ పిలుపు విని. నెవెనా పరుగెత్తినంత పని చేసింది. తలుపు గడియ తీసే ఉంది.

కిటికీలు మూసి ఉన్నాయి. గదంతా మందుల వాసన. రాలిత్సా ఒక పక్కకి ఒత్తిగిలి, దిండ్ల మీద చేరగిలబడి ఉంది. మెడ నుంచి మోచేతుల దాకా కట్లు. ఎడమ చెంప మీద పలచటి గుడ్డ, వాపుకి ఆ కన్ను సగమే తెరుచుకుంటోంది. నెవెనా ఏడవకూడదనుకుంది.

"కూర్చో."

కూర్చుంది.

"చాలా నొప్పిగా ఉందా రాలీ?"

"ఉంది." కొంచెం ఆగి అంది: "ఈ తలుపు పల్చటిది వదినా. వంటింట్లో చెంచా పడినా వినబడుతుంది."

నెవెనా మంచం దగ్గరికి జరిగింది.

"రాలీ, అన్నయ్య ఏమన్నాడంటే..."

"అన్నయ్య సంగతి నేనడగలేదు." ఆ పిల్ల గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "ఆ నర్సు అడిగినప్పుడు నాకు నువ్వే గుర్తొచ్చావు. నిన్నేం చేస్తారో అని భయమేసింది. ఒళ్ళంతా మంటలు పుడుతుంటే నీ గురించి భయపడ్డాను చూడు, నాకేమన్నా బుద్ధుందా."

"నాకు తెలియదు రాలీ, నువ్వలా చెప్పావని ఇందాకటిదాకా తెలియదు."

"తెలియదని నాకూ తెలుసు. ఇందాక అన్నయ్య చెప్తుంటే విన్నాను. నేను నిజమే చెప్తాను అన్నావు. అది కూడా విన్నాను. అప్పుడు ఏడుపొచ్చింది. మంచం దిగి తలుపు తీద్దామనుకున్నాను. కట్లు మార్చాక తీస్తాలే, కాస్త మనిషిలా కనిపిస్తాను అనుకున్నాను."

నెవెనా చెయ్యి చాచి, ఎక్కడ ముట్టుకోవాలో తెలియక దుప్పటి మీద పెట్టింది.

"నువ్వు తలుపు తియ్యకపోతే నా మీద కోపమనుకున్నాను."

"కోపం ఎందుకు? ఆ నూనె సంగతి నీకు తెలియలేదు, నాకూ తెలియలేదు. నీళ్ళలో దిగనివ్వనిది అమ్మ. దానికీ తెలియలేదు. ఈ మొహం నీకు చూపించడానికి మనసొప్పలేదు, అంతే. ఆరేళ్ళు ఈ చర్మాన్నే చూసుకున్నాం కదా మనిద్దరం."

"నేను వెళ్ళి చెప్పేస్తాను. ఇప్పుడే. డాక్టరు ఇంకా ఊళ్ళోనే ఉంది."

"ఇప్పుడా?" రాలిత్సా తెరుచుకున్న ఒక్క కంటితో ఆమెని చూసింది. "అవునన్నావు. పోనీ, భయమేసిందనుకుంటాను. నాకూ భయమేసే కదా ఆ మాట అన్నాను. నాకు తెలియదు అని ఎందుకన్నావు వదినా?"

నెవెనా జవాబు కోసం వెతికింది. నిజంగానే వెతికింది. కాలిన్ మాట, అత్తగారి మొహం, కింది గది, అన్నీ తడిమి చూసింది. ఎక్కడా దొరకలేదు.

"అవును అన్నది నన్నడిగి అన్నట్టే. నేనిచ్చిందే తీసుకున్నావు. రెండోది మాత్రం నువ్వు సొంతంగా చేశావు, ఆ రాత్రి నా మణికట్టుకి రాసింది నువ్వు కానట్టు," అంది రాలిత్సా. తర్వాత దిండు మీద తల మెల్లిగా అవతలికి తిప్పుకుంది. అలా తిప్పడానికి పడిన బాధ ఆమె భుజాల్లో కనిపించింది.

"రాలీ."

"అమ్మా," అని పిలిచింది రాలిత్సా.

కేరా వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఈవిణ్ణి బయటికి పంపించు."

కేరా పొద్దుట్నించి కోరుకున్నది అదే. ఇప్పుడు కూతురి నోట విన్నాక ఆవిడకి కాలు ముందుకి రాలేదు. నెవెనా తనే లేచింది. దాటుతున్నప్పుడు అత్తగారు ఆమె మోచేతిని పట్టుకుంది, నెట్టడానికి కాదు, ఊరికే, పట్టు కోసం. ఆ తర్వాత తలుపు మూసింది కేరాయే.

మెట్లెలా దిగిందో నెవెనాకి తెలియదు. పెరట్లో ఎండ కళ్ళలో కొట్టింది. గేటుకి అడ్డంగా కాలిన్ నిలబడి ఉన్నాడు. అతని భుజం మీదుగా, వీధి కింద మలుపులో మందులషాపు ముందు డాక్టరు కారు ఇంకా ఆగే ఉంది.

"తప్పుకో," అంది నెవెనా.

"ఎక్కడికి?"

"నీకు తెలుసు."

"తెలుసు. నేనూ విన్నాను. తలుపు పల్చటిది." అతను తప్పుకోలేదు. కోప్పడనూ లేదు. "వెళ్ళి చెప్పు. చెప్తే అది నిన్ను మళ్ళీ వదినా అంటుందా?"

ఆమె గేటు వైపు ఇంకో అడుగు వేసింది.

"అనదు. నువ్వు చెప్పినా అనదు, చెప్పకపోయినా అనదు. నీ మనసు తేలికపడడానికి వెళ్తున్నావు. దాని కోసం కాదు. చెప్పాక కింది గది ఉండదు, అబద్ధం చెప్పిన పిల్లగా దాన్ని ఇంకోసారి ప్రశ్నలడుగుతారు. కట్లతో ఉన్న పిల్లని. అది కావాలా నీకు?"

కింద మలుపులో మినేవా షాపు పక్కింట్లోంచి బయటికొచ్చింది. ఎవరితోనో మాట్లాడుతూ సంచీ కారులో పెట్టింది.

మొగుడు చెప్పింది ప్రతి ముక్కా నిజమేనని నెవెనాకి తెలుసు. అది నిజం కాదని చెప్పే మనిషి ఈ ఇంట్లో ఒక్కతే ఉండేది, ఆ మనిషి ఇక తనతో మాట్లాడదు. గేటు గడియ మీద చెయ్యి వేసింది. కాలిన్ ఆ చేతి మీద తన చెయ్యి వేశాడు.

కింద కారు ఇంజను చప్పుడైంది. నెవెనా చెయ్యి తియ్యలేదు. అతనూ తియ్యలేదు.